తొలి ఇంటి పొదుపునకు కాపలా ఏది?

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నది పెద్దల మాట. ఒకప్పుడు ఆ రెండు బరువులూ నడివయసు తండ్రి భుజాలపై ఉండేవి. నేడు వాటిలో మొదటిది పాతికేళ్ల యువత ముందుకు వచ్చి నిలిచినది. బాగేపల్లి, పావగడ, ముళబాగిలు, హోసూరు, వేపనపల్లి, తిరుత్తణి, పర్లాకిమిడి, రాయగడ, సిరోంచ, యానాం వంటి చోట్ల నుంచి నగరాలకు, పారిశ్రామిక వాడలకు వెళ్లి నెల జీతం అందుకుంటున్న తెలుగు బిడ్డలు వేలాదిగా ఉన్నారు. అద్దె కట్టే చేతితోనే సొంత ఇంటికి కొంత కూడబెట్టాలన్న కోరిక వారిలో బలంగా ఉన్నది. ఆ కోరిక మంచిదే. అయితే ఇంటికోసం దాచిన సొమ్ము గృహప్రవేశం దాకా చేరకముందే దారిలో కరిగిపోతున్న సందర్భాలు తక్కువేమీ కావు.

ఈ చర్చకు ఇప్పుడు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడినది. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు నాలుగు విడతలుగా రెపో రేటును 6.50 శాతం నుంచి 5.25 శాతానికి తగ్గించిన సంగతి విదితమే. గృహ రుణం తీసుకునేవారికి ఇది శుభవార్త. అదే సమయంలో డిపాజిట్లపై బ్యాంకులు ఇచ్చే వడ్డీ కూడా తగ్గుముఖం పట్టినది. బ్యాంకు వడ్డీ తగ్గినప్పుడల్లా ఊళ్లలో అధిక వడ్డీ ఆశ చూపే చీటీలు, ప్లాట్ల వాయిదా పథకాలు, పరిచయస్తుల ద్వారా వచ్చే “డబ్బు రెట్టింపు” మాటలు తలెత్తడం పరిపాటి. మూడు నాలుగేళ్లలో ఇల్లు కొనదలచిన యువత ఈ ఆశకు లోబడవలసిన అవసరం ఉన్నదా? లెక్క వేసి చూస్తే లేదనే తేలుతున్నది.

ఎంత సొమ్ము కావాలి?

తొలి ఇంటికి పొదుపు అనగానే ఇంటి పూర్తి ధరను కూడబెట్టాలని పలువురు భావిస్తారు. అంత మొత్తం అసాధ్యమని నిరాశపడి అసలు మొదలే పెట్టరు. నిజానికి కూడబెట్టవలసినది బ్యాంకు ఇవ్వని భాగాన్ని మాత్రమే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల రూపాయల వరకు గల గృహ రుణాలలో ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య రుణాలలో 80 శాతం, ఆపైన 75 శాతం వరకు బ్యాంకులు ఇవ్వవచ్చును. మిగిలినది కొనుగోలుదారు సొంతంగా పెట్టుకోవాలి. దీనినే మార్జిన్ సొమ్ము అంటారు. రుణగ్రహీత ఆదాయాన్ని, ఆస్తి పత్రాలను బట్టి బ్యాంకు ఇంతకంటె తక్కువ కూడా ఇవ్వవచ్చును.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము సాధారణంగా బ్యాంకు లెక్కకట్టే ఇంటి విలువలో చేరవు. పది లక్షల లోపు ఇళ్ల విషయంలో మాత్రమే వాటిని కలుపుకొనే వెసులుబాటు బ్యాంకులకు ఉన్నది. అంటే మార్జిన్‌తో పాటు ఈ ఖర్చు కూడా చేతి నుంచే రావాలి.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసిన విషయం ఏమనగా, ఈ ఖర్చు రాష్ట్రానికొక తీరుగా ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం అవుతుంది. తెలంగాణలోనూ మొత్తం అంతే. తమిళనాడులో స్టాంపు, బదలాయింపు కలిపి 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం, వెరసి 9 శాతం. కర్ణాటకలో స్టాంపు సుంకం 5 శాతం, దానిపై సెస్సు, సర్‌ఛార్జి ఉండగా, రిజిస్ట్రేషన్ రుసుమును 2025 ఆగస్టు 31 నుంచి ఒక శాతం నుంచి రెండు శాతానికి పెంచారు. ఆ విధంగా మొత్తం సుమారు 7.6 శాతానికి చేరినది. ఒడిశాలో పురుషుల పేర స్టాంపు 5 శాతం, స్త్రీల పేర 4 శాతం, దానిపై రిజిస్ట్రేషన్ 2 శాతం. మహారాష్ట్రలో స్త్రీల పేర నివాస గృహం కొంటే స్టాంపు సుంకంలో ఒక శాతం రాయితీ ఉన్నది. తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి స్త్రీల పేర జరిగే 10 లక్షల లోపు ఆస్తుల రిజిస్ట్రేషన్ రుసుములో ఒక శాతం తగ్గించినది. ఈ సుంకాలను కొనుగోలు ధర, ప్రభుత్వం నిర్ణయించిన విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై వసూలు చేస్తారు.

ఒక లెక్క చూద్దాం. 25 లక్షల రూపాయల ఇల్లు అనుకుంటే, పది శాతం మార్జిన్ రెండున్నర లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో కొంటే సుంకాలు 1,87,500 రూపాయలు. న్యాయవాది అభిప్రాయం, విలువ నిర్ధారణ, బ్యాంకు రుసుము, కరెంటు మీటరు, చిల్లర ఖర్చులకు 50 వేలు. ఇవిగాక ఉద్యోగంలో ఒడిదుడుకు వచ్చినా తట్టుకొనేందుకు మూడు నెలల వాయిదాలు చేతిలో ఉండాలి. ఇరవై రెండున్నర లక్షల రుణానికి 8 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెల వాయిదా సుమారు 18,800 రూపాయలు గనుక, మూడు నెలలకు 56 వేల చిల్లర. అన్నీ కలిపితే సుమారు 5.44 లక్షలు. అదే ఇల్లు తమిళనాడులో అయితే 5.81 లక్షలు, కర్ణాటకలో 5.46 లక్షలు, ఒడిశాలో పురుషుని పేర 5.31 లక్షలు అవుతుంది. అయిదున్నర లక్షలు అన్న గురి పెట్టుకుంటే ఈ ప్రాంతాలలో చాలావరకు సరిపోతుంది.

నాలుగేళ్లలో వడ్డీ చేసే మేలు ఎంత?

నెలకు పదివేల రూపాయల చొప్పున నాలుగేళ్లపాటు బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే కట్టిన సొమ్ము 4.80 లక్షలు. వడ్డీ 6 శాతమైతే చివరికి వచ్చేది సుమారు 5.44 లక్షలు. 6.5 శాతమైతే 5.49 లక్షలు. 8 శాతమైతే 5.67 లక్షలు. ఎవరో 12 శాతం ఇస్తామని నమ్మబలికి, ఆ మాట నిలబెట్టుకున్నా 6.18 లక్షలు.

ఈ అంకెలు చెప్పే సత్యం చాలా ముఖ్యమైనది. ఆరు శాతానికి, ఆరున్నర శాతానికి మధ్య నాలుగేళ్లలో తేడా అయిదారు వేల రూపాయలు. పన్నెండు శాతం ఆశ ఫలించినా దక్కే అదనం 70 వేల పైచిలుకు. ఆ 70 వేల కోసం పణంగా పెట్టేది అయిదున్నర లక్షలు, దానితోపాటు నాలుగేళ్ల శ్రమ. ముప్పై ఏళ్ల పొదుపులో వడ్డీపై వడ్డీ పెరిగి చెట్టవుతుంది. నాలుగేళ్ల పొదుపులో అది మొలక దశలోనే ఉంటుంది. చివరికి చేతికి వచ్చే మొత్తంలో దాదాపు తొమ్మిది వంతులు కట్టిన సొమ్మే. కాబట్టి స్వల్పకాల పొదుపులో ఫలితాన్ని నిర్ణయించేది నెల నెలా తప్పకుండా కట్టడమూ, అది అనుకున్న తేదీకి పూర్తిగా చేతికి రావడమూ.

ఇంటి ధర నాలుగేళ్లూ అలాగే ఉండదు కదా అన్న ప్రశ్న సహజం. ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే 25 లక్షల ఇల్లు నాలుగేళ్లకు 30 లక్షల పైమాటే అవుతుంది. అదే నిష్పత్తిలో గురి కూడా సుమారు 6.61 లక్షలకు చేరుతుంది. దీనికి మార్గం జీతం పెరిగినప్పుడు వాయిదాను కూడా పెంచడమే. రెండో ఏడు, మూడో ఏడు, నాలుగో ఏడు ఆరంభంలో ఒక్కొక్కటి 1,500 రూపాయల కొత్త రికరింగ్ డిపాజిట్ తెరిచి, అన్నీ ఒకే తేదీకి ముగిసేటట్లు పెట్టుకుంటే, 6.5 శాతం వడ్డీపై మొత్తం సుమారు 6.66 లక్షలవుతుంది. అంటే ధరల పెరుగుదలను కూడా అధిక వడ్డీ అవసరం లేకుండానే ఎదుర్కొనవచ్చును.

అగ్రిగోల్డ్ నేర్పిన పాఠం

వాయిదాల మీద స్థలం, లేదా స్థలానికి బదులు హెచ్చు ప్రతిఫలం. ఈ రెండు మాటలు తెలుగు పల్లెలకు కొత్త కావు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ ఈ మాటలతోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర వంటి రాష్ట్రాలలో డిపాజిట్లు సేకరించినది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క ప్రకారం సుమారు 19 లక్షల మంది నుంచి 32 లక్షల ఖాతాల ద్వారా వసూలైన సొమ్ము దాదాపు 6,380 కోట్ల రూపాయలు. 2014-15 నాటికి చెల్లింపులు నిలిచిపోయాయి. జప్తు చేసిన ఆస్తులను బాధితులకోసం తిరిగి అప్పగించే ప్రక్రియ 2025లో కూడా సాగుతూనే ఉన్నది. పదేళ్లు దాటిన ఈ నిరీక్షణలో ఎన్ని ఇళ్ల పునాదులు ఆగిపోయి ఉంటాయో ఊహించవచ్చును.

ఇందులో సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల రూపాయల లోపు డిపాజిటర్లకు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు వారికి తన ఖజానా నుంచి సొమ్ము చెల్లించినది. ఆ సాయం ఆ రాష్ట్రపు డిపాజిటర్లకు ఉద్దేశించినది. అదే సంస్థకు, అదే ఏజెంటు చేతికి సొమ్ము కట్టి, సరిహద్దుకు ఈవల నివసించే తెలుగు కుటుంబానికి ఆ మేలు అందలేదు. భాష ఒకటే అయినా, బంధుత్వం ఒకటే అయినా, ఖజానాలు వేరు.

చట్టాలు కూడా అంతే. డిపాజిటర్ల రక్షణకు తమిళనాడుకు 1997 నాటి చట్టం, ఆంధ్రప్రదేశ్‌కు, మహారాష్ట్రకు 1999 నాటి చట్టాలు, కర్ణాటకకు 2004 నాటి చట్టం, ఒడిశాకు 2011 నాటి చట్టం వేర్వేరుగా ఉన్నాయి. అనియంత్రిత డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ కేంద్రం 2019లో దేశమంతటికీ ఒక చట్టం తెచ్చినది. చట్టాలకు కొరత లేదు. అయితే సొమ్ము ఒక రాష్ట్రంలో, సంస్థ మరొక రాష్ట్రంలో, ఆస్తి ఇంకొక రాష్ట్రంలో ఉన్నప్పుడు బాధితుడు ఏ పోలీసు స్టేషన్ గడప ఎక్కాలన్న దగ్గరే నెలలు గడిచిపోతాయి. కూలికి వెళ్లే కుటుంబం వాయిదాలకు ఎన్నిసార్లు వేరే రాష్ట్రపు కోర్టుకు తిరుగగలదు?

చీటీలో చేరవచ్చునా?

సరిహద్దుకు ఇరువైపులా చీటీ లేని ఊరు అరుదు. చీటీ పద్ధతి స్వతహాగా చెడ్డది కాదు. ఇరవై మంది నెలకు అయిదువేల చొప్పున వేసి, పాటలో ఎక్కువ తగ్గింపు ఒప్పుకొన్నవారు ముందుగా సొమ్ము తీసుకొని, ఆ తగ్గింపును మిగిలినవారు పంచుకొనే ఏర్పాటు అది. బ్యాంకు గుమ్మం ఎక్కలేని ఎన్నో కుటుంబాలకు పెళ్లిళ్లు, చదువులు దాని ద్వారానే జరిగాయి.

కాని తొలి ఇంటి పొదుపునకు చీటీని వాడుకోదలచినవారు రెండు విషయాలు చూడాలి. మొదటిది, అది 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదా అన్నది. చీటీని ఆరంభించే ముందు ఆ రాష్ట్ర ప్రభుత్వ అనుమతి పొంది, చిట్ రిజిస్ట్రారు వద్ద నమోదు చేసి, హామీ ఉంచాలని ఆ చట్టం చెబుతున్నది. 2019 సవరణతో నిర్వాహకుని కమీషను గరిష్ఠ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగినది. నమోదైన చీటీలో వివాదం వస్తే రిజిస్ట్రారు విచారించి తీర్పు చెప్పే ఏర్పాటు ఉన్నది. నమోదు కాని చీటీలో నోటిమాట, పాటల పుస్తకం తప్ప మరేమీ ఉండదు. రెండవది, చీటీ ఏ రాష్ట్రంలో నమోదైనది అన్నది. ముళబాగిలులో నివసిస్తూ పలమనేరులోని చీటీలో, హోసూరులో ఉంటూ కుప్పంలోని చీటీలో చేరేవారు ఉన్నారు. తగువు వస్తే వారు వెళ్లవలసినది చీటీ నమోదైన రాష్ట్రపు రిజిస్ట్రారు వద్దకే.

చీటీ చివరిదాకా ఉంచి తీసుకున్నవారికి కమీషను పోను మిగిలేది బ్యాంకు వడ్డీతో పోల్చదగినదే. మధ్యలో పాట పాడినవారికి అది అప్పు అవుతుంది. ఆ తరువాత ప్రతి నెలా కట్టవలసిన వాయిదా, గృహ రుణ వాయిదాతో కలిసి మీద పడుతుంది. ఇల్లు కొనే నెలలోనే చీటీ పాడి మార్జిన్ సొమ్ము సమకూర్చుకోవడం ఈ కారణం చేతనే అపాయకరం.

సొమ్ము ఎక్కడ దాచాలి?

నాలుగేళ్ల గడువుకు బ్యాంకు రికరింగ్ డిపాజిట్, ఏడాది ఏడాదికి మిగిలిన బోనస్ వంటి మొత్తాలకు ఫిక్సెడ్ డిపాజిట్ సరిపోతాయి. ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి గల డిపాజిట్లకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉన్నది. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఈ పరిమితి లక్ష రూపాయలే. ఆ ఏడాది జనవరిలో బెంగళూరులోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, ఖాతాదారు ఒక్కొక్కరు 35,000 రూపాయల వరకే తీసుకోవచ్చునని చెప్పిన సంగతి కర్ణాటక వాసులు మరచి ఉండరు. ఆంక్షలు విధించిన బ్యాంకు ఖాతాదారులకు 90 రోజులలోగా బీమా సొమ్ము అందేటట్లు 2021లో చట్టాన్ని సవరించారు. అయిదు లక్షలు దాటబోయే పొదుపును రెండు బ్యాంకులలో పెట్టడం ఉత్తమం. పేరులో “సహకార” అన్న మాట ఉన్నంత మాత్రాన బీమా ఉన్నట్లు కాదు. సహకార బ్యాంకులకు బీమా ఉన్నది. సహకార పరపతి సంఘాలకు లేదు.

తపాలా కార్యాలయపు డిపాజిట్లకు కేంద్ర ప్రభుత్వమే పూచీ. నెలకు వంద రూపాయలతోనైనా ఆరంభించగల అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్‌కు 2023 అక్టోబరు నుంచి 6.7 శాతం వడ్డీ నిర్ణయించారు. చిన్న మొత్తాల వడ్డీని మూడు నెలలకొకసారి సమీక్షిస్తారు గనుక ఖాతా తెరిచే రోజు రేటును అడిగి తెలుసుకోవాలి. ఆ రేటుపై నెలకు పదివేలు అయిదేళ్లు కడితే సుమారు 7.13 లక్షలు వస్తుంది. ఒక మెలిక మాత్రం ఉన్నది. మూడేళ్ల తరువాత ముందుగా ముగించే వీలున్నా, గడువుకు ఒక్కరోజు ముందు మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే వర్తిస్తుంది. నాలుగేళ్లకు మూసి 4 శాతం వడ్డీ తీసుకుంటే నెలకు పదివేల పొదుపునకు వచ్చేది 5.21 లక్షలే. కనుక నాలుగేళ్లలో ఇల్లు అనుకున్నవారికి బ్యాంకు, అయిదేళ్లు ఆగగలవారికి తపాలా కార్యాలయం అనుకూలం.

షేర్లు, వాటిపై ఆధారపడిన మ్యూచువల్ ఫండ్‌లు దీర్ఘకాలంలో మంచి ఫలితం ఇచ్చినవే. కాని 2020 జనవరి మధ్యలో దాదాపు 42,000 వద్ద ఉన్న సెన్సెక్స్ మార్చి 23 నాటికి 26,000 లోపునకు పడిపోయినది. రెండు నెలలలో 38 శాతం నష్టం. తరువాత కోలుకున్న మాట నిజమే. ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్న కుటుంబానికి ఆ కోలుకోవడం అక్కరకు రాదు. బంగారం విషయమూ ఇటువంటిదే. ఇటీవలి సంవత్సరాలలో ధర ఎంతగానో పెరిగినది. అంతకు ముందు 2013లో పడిపోయిన ధర కొన్నేళ్లపాటు కోలుకోలేదన్నదీ వాస్తవమే. నగ రూపంలో కొంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ ముందే పోతాయి. గడువు దగ్గరగా ఉన్న సొమ్మును ఊగే త్రాసులో పెట్టరాదు.

కర్మాగారాలలో, కార్యాలయాలలో పనిచేసేవారికి భవిష్య నిధి ఉన్నది. ఇంటి కోసం అందులోంచి కొంత తీసుకొనే సౌకర్యం మొదటి నుంచీ ఉన్నదే. 2025 అక్టోబరులో నిధి కేంద్ర ధర్మకర్తల మండలి ఈ నిబంధనలను సరళం చేయాలని, కనీస సర్వీసును 12 నెలలుగా చేయాలని, నిల్వలో 25 శాతం కదల్చకుండా ఉంచాలని నిర్ణయించినది. 2024-25కు ఆ నిధిపై వడ్డీ 8.25 శాతం. అంత వడ్డీ ఇచ్చే వృద్ధాప్యపు సొమ్మును మొదట తీసి, తక్కువ వడ్డీ సొమ్మును మిగుల్చుకోవడం తెలివి కాదు. లోటు పడినప్పుడు చివరి మెట్టుగా మాత్రమే దానిని చూడాలి.

పత్రాల భాష, స్థలపు స్వభావం

సొమ్ము సమకూడిన తరువాత దానిని పోగొట్టే మరొక ద్వారం పత్రాలు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు, 1953లో బళ్లారి ప్రాంతం మైసూరులో కలిసినప్పుడు సరిహద్దు రేఖ తెలుగు కుటుంబాల మధ్యగా సాగినది. నేటికీ ఒకే కుటుంబపు ఆస్తి రెండు రాష్ట్రాల రికార్డులలో రెండు పేర్లతో ఉంటుంది. ఆంధ్రలో అడంగల్, 1-బి అన్నవి, కర్ణాటకలో పహణి, ఖాతా. తమిళనాడులో పట్టా, చిట్టా, విల్లంగ పత్రం. మహారాష్ట్రలో సాత్‌బారా. ఇంట మాట్లాడేది తెలుగే అయినా, సంతకం పెట్టేది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉన్న పత్రంపైన. చదువలేని భాషలోని పత్రంపై బయానా ఇవ్వడం కళ్లు మూసుకొని బావి దాటడం వంటిది. ఆ భాష తెలిసిన, అమ్మకందారుతో సంబంధం లేని న్యాయవాది చేత చదివించుకొనే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో చాలా స్వల్పం.

తమిళనాడులో అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల విషయంలో 2016లో మద్రాసు హైకోర్టు జోక్యం తరువాత రిజిస్ట్రేషన్లపై నిబంధనలు కఠినమైనాయి. కర్ణాటకలో 2024 అక్టోబరు నుంచి పట్టణ ఆస్తుల రిజిస్ట్రేషన్‌కు ఇ-ఖాతా తప్పనిసరి అయినది. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ వంటి షెడ్యూల్డ్ ప్రాంతాలలో ఆదివాసుల భూమిని ఇతరులకు బదలాయించడాన్ని 1956 నాటి నిబంధన నిరోధిస్తున్నది. ఆంధ్ర ఏజెన్సీలో 1/70 నిబంధన కూడా అటువంటిదే. ఇటువంటి స్థలం ఎంత చవకగా దొరికినా బ్యాంకు రుణం ఇవ్వదు, హక్కూ నిలవదు. పెద్ద లేఅవుట్‌లో కొనేవారు ఆ రాష్ట్రపు రెరాలో నమోదైనదో లేదో చూడాలి. నమోదైన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదని 2016 నాటి రెరా చట్టం స్పష్టం చేస్తున్నది. పొదుపు చేసిన అయిదున్నర లక్షలను ఒక్కసారిగా బయానాగా ఇవ్వమని ఎవరైనా తొందర పెడితే, ఆ తొందరే అనుమానానికి తగిన కారణం.

ప్రభుత్వ సాయం ఎంతవరకు?

పట్టణాలలో తొలి ఇల్లు కొనేవారికి 2024 సెప్టెంబరు నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండవ దశ అమలులోకి వచ్చినది. ఏడాదికి 9 లక్షల లోపు కుటుంబ ఆదాయం గలవారు, 35 లక్షల లోపు విలువగల ఇంటికి, 25 లక్షల లోపు రుణం తీసుకుంటే, మొదటి 8 లక్షలపై 4 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. గరిష్ఠంగా 1.80 లక్షలు అయిదు వార్షిక వాయిదాలలో రుణ ఖాతాకు జమ అవుతుంది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదన్నది ముఖ్య నియమం. “ఎక్కడా” అన్న మాటను సరిహద్దు కుటుంబాలు గమనించాలి. ఒక రాష్ట్రంలో ఇల్లు ఉండి మరొక రాష్ట్రంలో తొలి ఇల్లుగా దరఖాస్తు చేయడం చెల్లదు.

గ్రామాలలో గ్రామీణ ఆవాస్ పథకం కింద మైదాన ప్రాంతాలకు 1.20 లక్షలు, కొండ, దుర్గమ ప్రాంతాలకు 1.30 లక్షలు అందుతాయి. అది జాబితాలో పేరున్న పేద కుటుంబాలకు మాత్రమే. ఈ సాయాలు పొదుపునకు తోడు కాగలవు, బదులు కాలేవు. వడ్డీ రాయితీ ఇల్లు కొన్న తరువాత వస్తుంది. మార్జిన్ సొమ్ము ఇల్లు కొనకముందే కావాలి.

పల్లెలో తాత నాటి స్థలంలో కట్టుకొనేవారి లెక్క వేరు. వారికి స్థలం ఖర్చు లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కూడా కలిసి వచ్చినది. అయితే స్థలం ఇంకా తాత పేరనో, అన్నదమ్ముల ఉమ్మడిగానో ఉంటే బ్యాంకు రుణం కదలదు. అటువంటి ఇళ్లలో పొదుపుతో పాటే మొదలుపెట్టవలసిన పని పంపకపు దస్తావేజు రిజిస్టరు చేయించడం. పునాది, గోడలు, స్లాబు అన్న దశలను బట్టి బ్యాంకు రుణం విడుదల చేస్తుంది గనుక, మొదటి దశకు సరిపడా సొంత సొమ్ము చేతిలో ఉండాలి.

ఇంటిలోని ఒత్తిడి

పొదుపును కరిగించేవారు ఎప్పుడూ బయటివారే అనుకోవడం పొరపాటు. చెల్లెలి పెళ్లి, నాన్న వేయించే బోరు, అమ్మ ఆసుపత్రి ఖర్చు, ఇవన్నీ నెల జీతం ఉన్న బిడ్డ వైపే చూస్తాయి. అవి కాదనదగిన ఖర్చులు కావు. అయితే అన్నింటికీ ఒకే మూట ఉంటే ఇల్లు ఎల్లప్పుడూ చివరి వరుసలో నిలుస్తుంది. ఇంటి పొదుపును వేరుగా, జీతం పడిన మరునాడే బ్యాంకు తానుగా తీసుకొనే ఏర్పాటుతో ఉంచి, ఆకస్మిక ఖర్చులకు మరొక చిన్న నిల్వ పెట్టుకొని, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పిన బిడ్డ పొదుపు నిలుస్తుంది. పనికి వెళ్లే ఆడపిల్లల జీతం విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. ఆమె సంపాదనతో కూడిన పొదుపు ఆమె పేరనే ఉండాలి. స్త్రీల పేర రాయితీలు ఉన్న రాష్ట్రాలలో ఇల్లు ఆమె పేరనో, దంపతుల ఉమ్మడి పేరనో రిజిస్టరు కావడం లాభదాయకమూ, న్యాయమూ.

నెలకు 30 వేల జీతంపై ఒక్కరే 18,800 వాయిదా మోయడం కష్టం. బ్యాంకు కూడా అంత రుణానికి సాధారణంగా అంగీకరించదు. దంపతులిద్దరి ఆదాయం కలవాలి, లేదా ఇల్లు చిన్నది కావాలి. ఫోను, బండి, రుణ యాప్‌ల వాయిదాలు ముందే ఉంటే అర్హత మరింత తగ్గుతుంది. ఈ దృష్టితో చూస్తే నాలుగేళ్ల పొదుపు రాబోయే వాయిదాకు సాధన కూడా. అద్దె కట్టుతూనే నెలకు పదివేలు తప్పకుండా దాచగలిగిన జంటకు రేపు అద్దె పోయిన తరువాత వాయిదా కట్టడం అలవాటైన పనే. దాచలేకపోయిన జంటకు తమ స్థోమత రుణం తీసుకోకముందే తెలిసిపోతుంది. అదీ లాభమే.

సరిహద్దు తెలుగు కుటుంబం రెండు రాష్ట్రాల బంధువులతో, రెండు భాషల వ్యవహారంతో బ్రతుకు నేర్చినది. పెళ్లికి, పండుగకు సరిహద్దు అడ్డు కాదు. ఇంటికోసం దాచిన సొమ్ముకు మాత్రం అది అడ్డే. రసీదు ఇచ్చిన సంస్థ, విచారించే అధికారి, తీర్పు చెప్పే కోర్టు, ఈ మూడూ బస్సు ఎక్కి ఒక్క పూటలో వెళ్లి రాగల దూరంలో ఉన్న చోటనే ఆ సొమ్ము ఉండాలి. అర శాతం వడ్డీ తక్కువైతే నష్టం అయిదారు వేలు. కాపలా లేని చోట పెడితే నష్టం ఇల్లే. కొత్త సంవత్సరపు జీతపు పెంపు చేతికి వచ్చే ముందు ప్రతి ఇంటా ఈ లెక్క ఒక్కసారి వేసుకొనడం మేలు.